చెట్టుకు ఇరవై ఏళ్ళు, జీతానికి మూడేళ్ళు

సముద్ర తాబేలు గుడ్డును గూటిలోంచి తీసేటప్పుడు దొర్లించకూడదు. పెట్టిన కొద్ది గంటలకే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కోవడం మొదలవుతుంది. ఆ తర్వాత గుడ్డు తలకిందులైతే పిండం బతకదు. ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు ఒడ్డెక్కుతాయి. ఆ రాత్రుల్లో, ఈ సంగతి వేళ్ళకు తెలిసిన మనుషులు కొందరు ఇసుక మీద నడుస్తూ ఉంటారు. వాళ్ళలో చాలామంది మత్స్యకారులే. అటవీ శాఖో, స్వచ్ఛంద సంస్థో, రెండూ కలిసో వాళ్ళను ఆ నాలుగైదు నెలలకు పనిలో పెట్టుకుంటాయి.

ఇసుక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టు అచ్చు పడి ఉంటుంది. నీళ్ళలోంచి పైకి వచ్చిన జాడ ఒకటి, తిరిగి నీళ్ళలోకి వెళ్ళిన జాడ ఇంకొకటి. రెండూ కలిసే చోట ఇసుక చెదిరి ఉంటుంది కానీ గూడు సరిగ్గా ఎక్కడుందో కంటికి తెలియదు. తల్లి తాబేలు తన ఒంటి బరువుతో ఇసుకను అదిమి, పైన మరింత చల్లి, ఆనవాలు చెరిపేసి పోతుంది. సన్నని పుల్లను మెల్లగా దించి చూస్తారు. గట్టిగా తగిలితే గూడు కాదు. ఉన్నట్టుండి మెత్తగా దిగితే అక్కడే ఆపాలి, ఇంకాస్త నొక్కితే గుడ్డు చిట్లుతుంది. అక్కడి నుంచి పని చేతులదే. మోచేతి లోతున కూజా ఆకారంలో గుంట, అందులో నూరు, నూట ఇరవై గుడ్లు. ఒక్కొక్కటే లెక్కపెడుతూ, పైవైపు పైకే ఉండేలా, తడి ఇసుక పోసిన సంచిలోకి చేరుస్తారు. తెల్లవారకముందే హేచరీలో, అంటే గుడ్లు పొదగడానికి కంచె వేసి ఉంచిన చోట, అదే లోతున, అదే ఆకారంలో గుంట తీసి పాతిపెడతారు. పక్కన చిన్న పలక మీద తేదీ, గూడు దొరికిన చోటు, గుడ్ల లెక్క రాస్తారు. ఇక నలభై అయిదు నుంచి అరవై రోజులు కుక్కలు, నక్కలు, కాకులు, పీతల నుంచి కాపలా.

గూటి వేడిని బట్టి పుట్టేది ఆడో మగో తేలుతుంది. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. అందువల్ల హేచరీ మీద నీడ ఎంత వేయాలి, ఎప్పుడు తీయాలి అన్నది కూడా ఆ కాపలా మనిషి రోజూ తీసుకునే నిర్ణయాల్లో ఒకటి. ఒక తరం తాబేళ్ళలో ఆడ మగ నిష్పత్తి కొంతవరకు అతని చేతి పరదా మీద ఆధారపడి ఉంటుంది. పద్దు పుస్తకంలో మాత్రం అతను దినకూలీ.

ఒక ప్రాంతంలో అడవినో, చిత్తడి నేలనో, గడ్డి కొండనో, ఒడ్డునో కాపాడే చిన్న సంస్థల గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా వాటి స్థాపకులు, వాళ్ళకొచ్చిన పురస్కారాలు, నాటిన మొక్కల సంఖ్య చర్చకు వస్తాయి. ఆ సంస్థల్లో పని చేసేవాళ్ళు ఎవరు, ఎంతకాలం నిలుస్తున్నారు, ఎందుకు వెళ్ళిపోతున్నారు అన్న ప్రశ్న దాదాపుగా రాదు. నిజానికి ఒక ఆవాసం నిలుస్తుందా లేదా అన్నది ఎక్కువగా ఈ ప్రశ్నకు దొరికే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. ప్రకృతి పని సాగే కాలం వేరు, మనుషులకు జీతం ఇచ్చే కాలం వేరు. రెండింటి మధ్య తేడాను భరిస్తున్నది ఆ సంస్థల్లో అందరికంటే తక్కువ జీతం తీసుకునేవాళ్ళు.

గోదావరి సముద్రంలో కలిసే చోట ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన. అక్కడి మడ అడవుల్లో ఒకప్పుడు చెట్లు నరికేసిన చోట్ల నేల ఎండి, కుంగి, పళ్ళెంలా మారింది. పోటు నీరు ఆ పల్లంలోకి వస్తుంది కానీ పాటుకు, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళకు, తిరిగి పోదు. నిలిచిన నీరు ఎండకు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఏటేటా ఉప్పు పెరిగి, మడ విత్తనం పడినా మొలకెత్తలేని స్థితి వస్తుంది. బయటి నుంచి చూసినవాళ్ళు దాన్ని బీడు అంటారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990ల చివర నుంచి కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో అటవీ శాఖతో, ఊళ్ళలోని సమితులతో కలిసి దీనికి ఒక మార్గం అమలు చేసింది. చేప ముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి ఏటవాలుగా రెండు వైపులా పిల్ల కాలువలు తవ్వుతారు. పోటు నీరు వాటి గుండా లోపలికి వచ్చి, పాటు వేళకు వెనక్కి పోతుంది. ఉప్పు కడిగినట్టు పోతుంది. కాలువ గట్ల వాలు మీద మడ మొక్కలు నాటుతారు.

ఆ కాలువను తవ్విన మనిషిని గమనిస్తే పని స్వభావం అర్థమవుతుంది. నడుము లోతు బురద. పార దించితే పైకి రాదు, వస్తే సగం మట్టి జారిపోతుంది. పోటు వచ్చే వేళకు బయటపడాలి కనుక పని గంటలు గడియారం ప్రకారం కాదు, చంద్రుడి ప్రకారం నడుస్తాయి. ఒక రోజు తెల్లవారుజామున, వారం తర్వాత మధ్యాహ్నం. కాలువ ఏ వైపు వాలాలో చెప్పడానికి కొలత పరికరాలు ఉంటాయి, కానీ పోటు నీరు నిజంగా ఏ దారిన వస్తుందో ఆ పాయల్లో పీతలు పట్టి పెరిగినవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నర్సరీలో విత్తనాలు ఏరడం, సంచుల్లో మట్టి నింపడం, మొక్కలను పడవలోకి ఎక్కించడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. ఉప్పుపొన్న కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి జానెడు కంటే పొడవుగా వేలాడుతుంది. బురదలో దాన్ని నిటారుగా గుచ్చాలి. ఎంత లోతు గుచ్చాలో చెప్పే పుస్తకం కంటే, నిన్న గుచ్చినది ఇవాళ పోటుకు కొట్టుకుపోయిందా అని చూసే కన్ను ఎక్కువ ఉపయోగపడుతుంది.

మొదటి ఏడాది కాలువలు బాగుంటాయి. ఫొటోలు కూడా అప్పుడే తీస్తారు. రెండో ఏడాదికి గట్లు జారి ఒండ్రు పేరుకుంటుంది. నాటిన మొక్కల వేళ్ళు గట్టును పట్టుకునేదాకా ఆ పూడిక మళ్ళీ మళ్ళీ తీస్తూనే ఉండాలి. మేతకు వదిలిన గేదెలు లేత మొక్కలను కొరికేస్తాయి, వాటినీ చూసుకోవాలి. చాలా పథకాలకు నిధులు మూడేళ్ళకు వస్తాయి. ఆ మూడేళ్ళలో మొదటిది అనుమతులకు, ఊరి సమావేశాలకు, తవ్వకానికి పోతుంది. మొక్క ఇంకా ఒంటరిగా నిలబడలేని వయసులో ఉండగానే లెక్కలు మూసేస్తారు. ఆ తర్వాత ఎవరైనా పార పట్టుకుని కాలువలోకి దిగారంటే అది వాళ్ళ మంచితనమే తప్ప ఏర్పాటు కాదు. ఒక అడవి భవిష్యత్తును మనుషుల మంచితనానికి వదిలేయడం అన్యాయం, అడవికీ ఆ మనుషులకీ కూడా.

దీనికి భిన్నమైన దారి ఒకటి ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల కనిపిస్తుంది. 1990 ప్రాంతంలో అక్కడ మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మొదట 32 ఎకరాల బీడు భూమిలో స్థిరపడింది. దేశంలోనే వర్షం అతి తక్కువగా పడే ప్రాంతాల్లో పాత అనంతపురం జిల్లా ఒకటి. కొన్నేళ్ళకు ముష్టికోవెల మొదలైన ఊళ్ళ రైతులు, గొర్రెల కాపరులు ఆ సంస్థతో కలిసి తమ ఊళ్ళ చుట్టూ ఉన్న బోడికొండలను కాపాడడం మొదలుపెట్టారు. ఊళ్ళు ఉమ్మడిగా వాడుకునే ఆ వేల ఎకరాల భూమికే కల్పవల్లి అని పేరు. అక్కడ లక్షల మొక్కలు నాటడం కంటే ఎక్కువగా జరిగింది ఏమిటంటే, కాల్చకుండా, నరకకుండా, అతిగా మేపకుండా చూడడం. మొదళ్ళలో ప్రాణం మిగిలిన చెట్లు వాటంతట అవే చిగిర్చాయి. వాగుల వెంట ఈత చెట్లు లేచాయి. గడ్డి పెరిగింది, గడ్డి వెంట తోడేళ్ళు వచ్చాయి. ఎండిపోయిన చెరువుల్లోకి నీరు దిగింది.

'కాపాడడం' అన్న మాట తేలిగ్గా అనేయవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం కొండ మీద అది ఏమిటో చూడాలి. బోద గడ్డి నిలువెత్తు ఎండి ఉంటుంది. బీడీ ముక్క చాలు, లేదా కొత్త గడ్డి తొందరగా రావాలని ఎవరో కావాలనే గీసిన అగ్గిపుల్ల చాలు. కాపలాదారులు ఎండలు ముదరకముందే నిప్పు గీతలు తీస్తారు, అంటే గడ్డి మధ్యలో కొన్ని మూరల వెడల్పున నేలను గీకి బోడి చేస్తారు, నిప్పు అక్కడికి వచ్చి మేత దొరక్క ఆగిపోవాలని. పొగ కనిపించగానే పరుగు. పచ్చి కొమ్మలు విరిచి, గాలికి ఎదురుగా పోకుండా, పక్కల నుంచి మంటను కొడుతూ వస్తారు. నీళ్ళ ట్యాంకరు ఎక్కలేని కొండల్లో ఆయుధం ఆ కొమ్మే. రెప్పలు కమిలిపోతాయి, అరికాళ్ళు కాలుతాయి. మంట ఆరిన తర్వాత కూడా ఒకరిద్దరు అక్కడే ఉండాలి, బూడిద కింద మొద్దు రాజుకుంటూ ఉంటుంది కనుక. ఒక్క రోజు నిర్లక్ష్యం పదేళ్ళ పెరుగుదలను బూడిద చేస్తుంది. ఈ పనిలో సెలవు అన్న మాటకు అర్థం లేదు. అయినా సెలవు లేని ఉద్యోగానికి ఇవ్వవలసిన జీతం గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

కాపలా అనగానే దొంగలు బయటి నుంచి వస్తారని అనుకుంటాం. స్థానిక సంస్థలో పని చేసేవాడి అసలు కష్టం అది కాదు. మంద తోలుకుని ఈ ఏడు మూసి ఉంచిన వాలు మీదికి వచ్చింది తన అక్క భర్త అనుకుందాం. "బావా, ఈ వాలు ఈ ఏడాదికి వదిలెయ్యి, కింద చెరువు పక్కకి తోలుకో" అని చెప్పాలి. బావ నవ్వి తోలుకుపోతే సరే. పోకపోతే? ఆ సాయంత్రం ఒకే రచ్చబండ దగ్గర కూర్చోవాలి, వచ్చే నెల ఒకే పెళ్ళిలో బంతిలో కూర్చోవాలి, కరువు వస్తే ఆ బావ దగ్గరే చేబదులు అడగాలి. తీరంలో కూడా ఇదే. రాత్రంతా గూళ్ళకు కాపలా కాసిన మనిషికి తెల్లవారి ఒడ్డున చచ్చిన తాబేళ్ళు కనిపిస్తాయి. వలను ఈడ్చుకుంటూ పోయే మరపడవల, అంటే ట్రాలర్ల, వలలో చిక్కి, పైకి వచ్చి గాలి పీల్చుకోలేక చచ్చినవి. ఆ ట్రాలర్ల మీద కూలికి వెళ్ళేవాళ్ళు అతని ఊరివాళ్ళే కావచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు వేటాడకూడదన్న నియమం ఉంది, తాబేలు తప్పించుకునే దారి ఉన్న వలలు ఉన్నాయి. అలాంటి వలలు సరిగా వాడడం లేదన్న కారణంతో సముద్రంలో పట్టిన భారతీయ రొయ్యలను అమెరికా 2019 నుంచి కొనడం ఆపేసింది. ఇంత పెద్ద వ్యవహారం చివరికి ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోవడంగా మిగులుతుంది.

అయితే ఇదే బంధుత్వం వాళ్ళ బలం కూడా. బయటి నుంచి వచ్చిన అధికారి చెబితే వినని మాట పెదనాన్న కొడుకు చెబితే వింటారు. ఒడిశాలో రుషికుల్య నది ముఖద్వారం దగ్గర తాబేళ్ళు లక్షల్లో ఒకేసారి గుడ్లు పెడతాయన్న సంగతి 1994లో శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ యువకులే సంఘాలుగా ఏర్పడి కాపలా మొదలుపెట్టారు. 2025 ఫిబ్రవరిలో అక్కడ దాదాపు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టినట్టు లెక్క తేలింది. పిల్లలు బయటికి వచ్చే రాత్రుల్లో అవి వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. సముద్రం మీది మెరుపు అనుకుని ఊరి దీపాల వైపు పోతాయి. వాటిని ఆపడానికి ఒడ్డు పొడవునా వల కంచె కట్టి, కంచె దగ్గర పోగైన పిల్లలను బుట్టల్లో ఎత్తి నీళ్ళలో వదులుతారు. ఆ గంజాం తీరంలో తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారుల ఊళ్ళు చాలా ఉన్నాయి. ఇక్కడి నుంచి తరాల కిందట వెళ్ళినవాళ్ళ సంతతి, ఇప్పటికీ ఆ సముద్రం మీదే బతుకుతున్నారు.

జీతం లేకుండా నడిచే నమూనా కూడా ఒకటుంది. చెన్నైలో 1988 నుంచి విద్యార్థులు నడిపే తాబేళ్ళ రక్షణ బృందం కేవలం స్వచ్ఛంద సేవకులతో, ఏటా జనవరి నుంచి రాత్రిళ్ళు ఒడ్డున నడుస్తూ, మూడున్నర దశాబ్దాలు దాటింది. గొప్ప విషయమే. కానీ దాన్ని చూపించి తీరంలోని పల్లెల్లో కూడా జనం సేవాభావంతో చేయాలని చెప్పడం సరికాదు. నగరంలో రాత్రి నడిచిన యువకుడికి పగలు చదువో ఉద్యోగమో ఉంది. పల్లెలో రాత్రి నిద్ర మానినవాడు తెల్లవారి వేటకు పోలేడు. అతను వదులుకుంటున్నది తీరిక సమయం కాదు, ఆ రోజు కూడు. అదే చెన్నైలో 2002లో మొదలై ఆంధ్ర తీరానికీ విస్తరించిన ట్రీ ఫౌండేషన్ మత్స్యకార యువకులకు భత్యం ఇచ్చి వాళ్ళనే రక్షకులుగా నిలబెట్టడానికి కారణం ఇదే అనిపిస్తుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రభుత్వ పథకాలు, విదేశీ విరాళాలు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, కొద్దిగా స్థానిక చందాలు. కంపెనీల చట్టం ప్రకారం 2014 ఏప్రిల్ నుంచి, లాభాల్లో ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. పర్యావరణం ఆ జాబితాలో ఉంది. కానీ కంపెనీ ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, తాబేళ్ళ పిల్లలు ఏప్రిల్, మే నెలల్లో కూడా వస్తూనే ఉంటాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది, ఒక సంస్థ అందుకున్న విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించింది. పెద్ద సంస్థ తెచ్చిన విరాళంలో కొంత మారుమూల ఊళ్ళోని చిన్న బృందానికి చేరే దారి దానితో మూసుకుపోయింది. దాతలకు మొక్కకు ఇంత అని లెక్క చెప్పడం సులువు. మనిషికి ఇంత అని చెబితే అది ఖర్చులా కనిపిస్తుంది. నిజానికి ఆవాస రక్షణలో మొక్క చౌక, మనిషి కాలమే ఖరీదు. దాన్ని దాచిపెట్టి మొక్కల సంఖ్య చూపించడం వల్లే నాటిన ప్రతిచోటా మళ్ళీ నాటవలసి వస్తోంది.

ప్రభుత్వంలో పని చేసేవాళ్ళ స్థితి కూడా మరీ వేరు కాదు. నల్లమలలో పులుల అభయారణ్యం నాగార్జునసాగర్, శ్రీశైలం మధ్య 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ అయింది. రెండు వైపులా అడవి లోపలి బేస్ క్యాంపుల్లో ఉండి రోజూ గస్తీ తిరిగేవాళ్ళలో చెంచులు చాలామంది. అడుగు జాడ చూసి పులి పోయి ఎంతసేపయిందో, ఏ నీటి గుంట వైపు పోయిందో చెప్పగలరు. కెమెరా ఎక్కడ కట్టాలో అధికారికి చూపించేది వాళ్ళే. అటవీ శాఖల దినసరి కాపలాదారులకు నెలల తరబడి జీతాలు ఆగాయన్న వార్తలు దేశంలో ఏదో ఒక మూల నుంచి ప్రతి ఏడూ వస్తూనే ఉంటాయి.

సంస్థ కార్యాలయంలో కూర్చునేవాళ్ళను తక్కువ చేయనక్కరలేదు. ఒక చిన్న బృందంలో లెక్కలు చూసే మనిషి లేకపోతే కొండ మీది పది మందికి ఒకటో తారీఖు రాదు. వినియోగ పత్రాలు, ఆడిట్, ఫారెస్టు ఆఫీసుకు అర్జీలు, కలెక్టరేట్‌లో సంతకాలు అన్నీ ఒకరిద్దరి భుజాల మీదే ఉంటాయి. సమన్వయకర్త అనే పదవిలో ఉన్న మనిషి పగలు ఊరివాళ్ళతో, రాత్రి కంప్యూటర్‌తో. ఊళ్ళో దుమ్ములో తెలుగులో విన్నదాన్ని ఇంగ్లీషు నివేదికగా మార్చడం వాళ్ళ పనిలో సగం. ఆ మార్పులో చాలా పోతుంది. కాపలాదారు నోటు పుస్తకంలో "పెద్దవాగు మలుపు, రెండు ఈతల మధ్య, పిల్లలున్న తోడేలు" అని ఉంటుంది. నివేదికలో అది ఒక అంకె అవుతుంది. పరిశోధన పత్రంలో చివర కృతజ్ఞతల దగ్గర 'స్థానిక ప్రజలు' అని ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఒక వాగును చూసిన మనిషికి ఆ రెండు మాటలేనా!

స్థానిక జ్ఞానాన్ని పేరుతో నమోదు చేసే ఏర్పాటు చట్టంలో ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీ, మునిసిపాలిటీ లాంటి ప్రతి స్థానిక పాలనా సంస్థ పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది అక్కడి మొక్కలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. ఏళ్ళ తరబడి ఆ పని దాదాపు సాగలేదు. 2020 జనవరి 31లోగా పూర్తి చేయాలని, పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టాక, కొన్ని వేలుగా ఉన్న రిజిస్టర్లు కొద్ది కాలంలోనే దేశమంతటా రెండున్నర లక్షలు దాటాయి. ఇంత వేగంతో తయారైన పుస్తకాల్లో చాలా వాటికి ఊళ్ళోని ముసలి కాపరితో ఒక ఋతువంతా తిరిగే తీరిక దొరికి ఉండదు.

భూమి కాగితాల్లో ఏమని ఉందన్నది ఈ మనుషులను ఇంకా లోతుగా దెబ్బతీస్తుంది. కల్పవల్లి కొండలు రెవెన్యూ లెక్కల్లో బంజరు. దేశంలోని బంజరు భూముల పటాలు తయారయ్యేది హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో. ఉపగ్రహం నుంచి చూస్తే గడ్డి కొండ, పొదల నేల చాలా వరకు ఆ లెక్కలోకే పోతాయి. 2010 ప్రాంతంలో ఆ కొండల మీద గాలిమరలు పెట్టడానికి కంపెనీ వచ్చినప్పుడు, దాదాపు రెండు దశాబ్దాలు కాపాడినవాళ్ళ పేరు ఏ కాగితంలోనూ లేదు. వాలుల మీద వెడల్పాటి రోడ్లు కోశారు, తవ్విన మట్టి వాగుల్లోకి దిగింది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. గాలి నుంచి కరెంటు మంచిదే, దానికి ఎవరూ అడ్డు కాదు. కానీ నిప్పుతో కొమ్మ పట్టుకుని పోరాడినవాడిని అడగకుండా ఆ కొండను ఇచ్చేయగలిగిన చట్టంలో లోపం ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అటవీ భూమిలో గ్రామసభకు కాపాడే హక్కు ఇచ్చింది. 2002లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ సామూహిక రిజర్వులకు, అంటే ఊరివాళ్ళే కాపాడుకునే రక్షిత ప్రాంతాలకు, వీలు కల్పించింది, అయితే అది ప్రైవేటు, ఉమ్మడి యాజమాన్య భూములకే. ప్రభుత్వ బంజరును ఊరు కాపాడితే, ఆ ఊరికి సరిపోయే గడి ఇంకా లేదు. కాపలాదారుకు ఆపే అధికారమూ లేదు. చూడగలడు, చెప్పగలడు, అంతే.

ఇన్ని ఉన్నా కొన్ని చోట్ల మనుషులు నిలిచారు. నిలిచిన చోట్లను గమనిస్తే జీతంతో పాటు ఆవాసం నుంచే వచ్చే చిన్న రాబడి కనిపిస్తుంది. కల్పవల్లిలో ఊళ్ళు సహకార సంఘంగా ఏర్పడ్డాయి. కప్పులకు బోద గడ్డి, చీపుర్లకు, చాపలకు ఈతాకు, పశువులకు మేత, చెరువులో నీరు. కొండ కాలితే నష్టం తమదేనని ప్రతి ఇంటికీ తెలుసు. కోరింగలో మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడవడానికి వచ్చే పర్యాటకుల వల్ల ఒకప్పుడు ఆ చెట్లనే వంటచెరకుకు నరికిన ఊళ్ళవాళ్ళకు కొంత పని దొరుకుతోంది. ఏడాది పొడవునా వచ్చే రూపాయి, చిన్నదైనా, నాలుగు నెలలు వచ్చే పెద్ద రూపాయి కంటే మనిషిని గట్టిగా పట్టి ఉంచుతుంది. తాబేళ్ళ కాపలాలో ఇదే లేదు. తాబేలు నుంచి అమ్ముకోదగినది ఏదీ లేదు, ఉండకూడదు కూడా. అందుకే ఒడ్డు కాపలాదారుకు జీతం తప్ప వేరే ఆధారం లేదు. ప్రభుత్వం ఆ కొద్దిమందిని ఏడాది పొడవు ఉద్యోగులుగా తీసుకుని, తాబేళ్ళు లేని నెలల్లో ఒడ్డున సరుగుడు, మడ మొక్కల సంరక్షణకు, వలల పరిశీలనకు, బడుల్లో పిల్లలకు చెప్పడానికి వాడుకోవచ్చు. పెద్ద ఖర్చు కాదు. ఎంతమంది కావాలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, ఊరికి ఇద్దరు ముగ్గురు.

మే నెలలో చివరి గూడు పొదిగాక హేచరీలో ఇంకో పని ఉంటుంది. ప్రతి గుంటనూ తవ్వి, పొదిగిన పెంకులు ఎన్ని, పొదగనివి ఎన్ని, లోపలే చచ్చినవి ఎన్ని అని విడదీసి లెక్క రాస్తారు. దుర్వాసన భరించలేనంతగా ఉంటుంది. రాసిన కాగితం సంస్థకు వెళ్తుంది. పలకలు ఏరి కట్ట కడతారు, నీడ పరదా మడుస్తారు, వెదురు బొంగులు పీకి ఇసుక దులుపుతారు. అప్పటికి సముద్రంలో మరపడవల వేట నిషేధం నడుస్తూ ఉంటుంది, జూన్ 14 దాకా. ఆ బొంగులు, పరదా పెట్టుకోవడానికి సంస్థకు ఊళ్ళో గది లేకపోతే కాపలాదారు తన ఇంటి వసారాలోనే ఒక మూలకు చేరుస్తాడు. జనవరిలో పని మంజూరవుతుందో లేదో అప్పటికి ఇంకా ఎవరూ చెప్పి ఉండరు. వానకు తడవకుండా పైన పాత టార్పాలిన్ కప్పి, తాడుతో రెండు చోట్ల కట్టి ఉంచుతాడు.